శని, ఆదివారాల పోటీకి ఆడవాళ్లు వెళ్లేదెలా?

శనివారం వస్తే చాలు, మన ఇళ్లల్లో పప్పు నానబెట్టడం, దుప్పట్లు ఉతకడం, పిల్లల గోళ్లు తీయడం... వారమంతా వాయిదా వేసిన పనులన్నీ వరస కడతాయి. విశాఖ శివార్లలోని మధురవాడలో, ఐటి హిల్స్ మీది ఆఫీసుల్లో మాత్రం అప్పుడప్పుడూ అదే రోజున ఇంకో సందడి. నలుగురైదుగురు ఉద్యోగులు జట్టు కట్టి, రెండ్రోజుల్లో ఫోన్‌లో పనిచేసే ఓ యాప్ తయారుచేసి చూపించాలి. దీన్నే హ్యాకథాన్ అంటారు.

హ్యాక్ అనగానే బ్యాంకు ఖాతాలు దోచే దొంగలు గుర్తొస్తున్నారా? అదేం కాదు. చిక్కుముడిని చకచకా విప్పే నేర్పుకి కంప్యూటర్ వాళ్లు పెట్టుకున్న పేరది. దానికి మారథాన్ తోక తగిలించారు. 1999లో కెనడాలోని కాల్గరీలో కొందరు ప్రోగ్రామర్లు ఒకచోట చేరి పనిచేసినప్పుడు ఈ మాట వాడారు. మన దేశంలో 2017లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్ విభాగం చివరి పోటీ ఏకబిగిన 36 గంటలు! జట్టుకి ఆరుగురు. అందులో ఒక్క అమ్మాయైనా ఉండి తీరాలని నిబంధన.

మంచి నిబంధనే. కానీ ఆ ఒక్క అమ్మాయి చేత ఏం చేయిస్తున్నారు?

మా వీధిలో ఉండే ఒకమ్మాయి కిందటేడు తన ఆఫీసు పోటీలో పాల్గొంది. ఏడేళ్ల ఉద్యోగం, నాలుగేళ్ల బాబు. జట్టులో మిగతా ముగ్గురూ మగపిల్లలే. వాళ్లు క్రికెట్ స్కోర్ల యాప్ అన్నారట. "నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియక మా అత్తగారు గుమ్మం కదలలేరు. అది చేద్దాం" అంది ఈ అమ్మాయి. అందరికీ నచ్చింది. ట్యాంకర్ డ్రైవర్ ఫోన్ ఎక్కడుందో చూసి, ఇంకెన్ని నిమిషాల్లో వస్తుందో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పే యాప్.

రెండ్రోజుల్లో అంతా పూర్తి చేసెయ్యరు లెండి. జడ్జీల ముందు నడిపి చూపించేంత వరకూ సాఫీగా ఉంటే చాలు. చివర్లో అయిదు నిమిషాల్లో వివరించాలి. పని పంచుకునేటప్పుడు, "స్లైడ్లు మీరు చూసుకోండి మేడమ్, మీరైతే చక్కగా చెప్తారు" అన్నారట. "నేను కోడ్ రాస్తాను. స్లైడ్లు రాత్రి నేను ఇంటికెళ్లాక మీరు చేసెయ్యండి" అని నవ్వుతూనే చెప్పింది.

"అది తేలికే పిన్నిగారూ! ఇంట్లోంచి కదలడమే కష్టం" అంది నాతో.

భర్త బాబుని చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా. అయినా రాత్రి పదింటికి ఫోన్... జ్వరం మందు ఏ అలమరలో ఉందని! పదకొండింటికి బాబుని వాళ్లమ్మ దగ్గర పడుకోబెట్టి, తనే బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. మగపిల్లలు ఆఫీసులోనే కునుకు తీశారు. పొద్దున్న ఈ అమ్మాయి వెళ్లేసరికి, వాచ్‌మన్ కోసం పెట్టిన పెద్ద తెలుగు అక్షరాలు పోయి ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. వాదించి మళ్లీ మార్పించేసరికి పదయింది.

బహుమతి రాలేదు. యాప్ కూడా అక్కడితో ఆగింది. అలాగని ఇదంతా ఆటే అనుకోకండి. పెద్ద మేనేజర్లు ఆ రెండ్రోజులూ అక్కడే తిరుగుతారట. కొత్త ప్రాజెక్టుకి మనుషులు కావలసినప్పుడు ఆ ముఖాలే గుర్తొస్తాయి. శనివారం రాలేని తల్లి పేరు ఎవరూ కావాలని కొట్టెయ్యరు. అసలు గుర్తుకే రాదు!

గాయత్రీ విద్యా పరిషత్‌లోనో గీతంలోనో మీ అమ్మాయి చదువుతుంటే, జట్టులో చేరేముందు "నాకిచ్చే పనేమిటి?" అని అడగమనండి. ఉద్యోగినులైతే రాత్రి బండి ఎవరు పంపుతారో, తయారైన యాప్ ఎవరి సొంతమో ముందే తేల్చుకోవాలి. ఇక నిద్ర మానితేనే తెలివి బయటపడుతుందన్న మాట నాకు మింగుడుపడదు. అదే నిజమైతే పసిపిల్లల తల్లులకే అన్ని బహుమతులూ రావాలి.

వచ్చే పోటీని గురు, శుక్రవారాల్లో పగటిపూట పెట్టమని ఆ అమ్మాయీ మరో ఆరుగురూ సంతకాలు చేసి ఇచ్చారు. అందులో ఇద్దరు మగవాళ్లు. ఆలోచిస్తామన్నారట.