బ్యాంకు కేంద్రానిది, అప్పు రాష్ట్రానిది
బజారు పరపతిని వడ్డీ శాసనాలు తాకే తీరు

ఆమదాలవలస: ఈ ప్రాంతపు బజారులో సరుకు కదలక ముందే రొక్కం కదులుతుంది. పంట కోతకు రాకముందే రైతుకు బయానా ముడుతుంది. మిల్లుకు ధాన్యం చేరే వేళకే బ్యాంకు ఖాతాలో పరపతి వాడకమై ఉంటుంది. చిల్లర దుకాణానికి సరుకు అరువు మీద వెళుతుంది. ఈ మూడు అప్పులూ ఒకే బజారులో తిరిగినా మూడింటికీ ఒకే చట్టం వర్తించదు. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నదానిని బట్టి చట్టం మారుతుంది.

2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఒక ఆర్డినెన్సు బ్యాంకుల జోలికి పోలేదు. అయినప్పటికీ బ్యాంకుల సొమ్ము వేల కోట్లు చిక్కుకుపోయినది. అది ఎట్లా జరిగినదో తెలుసుకుంటే, తన సొమ్ము ఏ చట్టం కింద ఉన్నదో వర్తకునికి సులభంగా బోధపడుతుంది.

రెండు జాబితాలు

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో అధికారాలను పంచారు. బ్యాంకింగు కేంద్ర జాబితాలో 45వ అంశం. చెక్కులు, హుండీలు, ప్రామిసరీ నోట్లు 46వ అంశంగా అదే జాబితాలో ఉన్నవి. వడ్డీ వ్యాపారం, వడ్డీ వ్యాపారులు, వ్యవసాయ ఋణ విమోచన రాష్ట్ర జాబితాలో 30వ అంశం. సహకార సంఘాలు 32వ అంశంగా రాష్ట్రానికే చెందినవి.

కాగితం మీద గీత స్పష్టంగానే ఉన్నది. బజారులో మాత్రం అంత స్పష్టంగా లేదు. బ్యాంకు ఇచ్చేదీ అప్పే, షావుకారు ఇచ్చేదీ అప్పే. పైగా షావుకారు అప్పు చాలా వరకు నోటు మీదనే నడుస్తుంది. నోటేమో కేంద్రం అంశం, అప్పు రాష్ట్రం అంశం. ఈ తగవు స్వాతంత్ర్యానికి ముందే కోర్టుకెక్కినది.

మద్రాసు నాటి శాసనం

శ్రీకాకుళం ప్రాంతం 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్నది. రాజాజీ మంత్రివర్గం ఉన్న కాలంలో, 1938లో, మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం వచ్చినది. పాత బాకీల వడ్డీలను అది కోసివేసినది. చట్టం వచ్చిన తరువాత చేసే అప్పులకు రూపాయికి నెలకు ఒక పై చొప్పున బారు వడ్డీ మాత్రమే అన్నది. నాటి రూపాయికి 192 పైలు. అంటే సంవత్సరానికి నూటికి ఆరుంబావు.

ప్రామిసరీ నోట్లు కేంద్రం పరిధిలోనివి కాబట్టి రాష్ట్రం వాటి వడ్డీని తగ్గించజాలదని ఋణదాతలు వాదించారు. మద్రాసు చట్టం మీద ఫెడరల్ కోర్టులో విచారణ జరిగి చట్టం నిలిచినది. బెంగాల్ 1940లో చేసిన వడ్డీ వ్యాపారుల చట్టం మీద ఖుల్నాలోని బ్యాంక్ ఆఫ్ కామర్స్ వేసిన వివాదం లండన్‌లోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళినది. 1947లో తీర్పు వచ్చినది. చట్టం సారాంశంలో వడ్డీ వ్యాపారం గురించినది అయినపుడు, దారిలో నోట్లకూ బ్యాంకింగుకూ కాస్త తగిలినంత మాత్రాన అది చెల్లకపోదని ప్రివీ కౌన్సిలు తేల్చినది. చట్టం ఎక్కడ తగిలినది అన్నది కాక, దేని కోసం చేసినది అన్నదే చూడాలన్న ఈ సూత్రం నేటికీ కోర్టులలో నడుస్తున్నది.

తరువాత 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఋణ విమోచన చట్టం వచ్చినది. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారు ప్రైవేటు వ్యక్తులకు బాకీపడిన అప్పులను అది రద్దు చేసినది. బ్యాంకుల బాకీలను, సహకార సంఘాల బాకీలను మాత్రం మినహాయించినది. రాష్ట్రాలు చేసిన ఇటువంటి శాసనాలలో చాలావాటికి ఇదే బాట. వేటు షావుకారు మీద పడుతుంది, బ్యాంకు బయట నిలుస్తుంది.

2010 ఆర్డినెన్సు

ఆ బాటలో చిక్కు ఎక్కడ వచ్చినదంటే, షావుకారుకూ బ్యాంకుకూ మధ్య మూడవవాడు పుట్టాడు. అతడు మైక్రో ఫైనాన్స్ కంపెనీ. రిజర్వు బ్యాంకు వద్ద నమోదు పొంది, బ్యాంకుల వద్ద టోకుగా అప్పు తెచ్చి, ఊళ్ళలో మహిళా గ్రూపులకు చిల్లరగా ఇచ్చేవాడు. కిస్తీలు వారం వారం. టోకు కొని చిల్లర అమ్మే కిరాణా వర్తకుని లెక్కే ఇక్కడా ఉన్నది. సరుకు మాత్రం రొక్కం.

ఒకే ఇంటికి రెండు మూడు కంపెనీలు అప్పులిచ్చినవి. ఒక కిస్తీ కట్టడానికి మరొక అప్పు చేయవలసి వచ్చినది. వసూళ్ళలో ఒత్తిడి గురించి, ఆత్మహత్యల గురించి వార్తలు వచ్చినవి. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని కంపెనీల శాఖలను మూయించారు. 2010 అక్టోబరులో, రోశయ్య ముఖ్యమంత్రిగా ఉండగా, ఆర్డినెన్సు వెలువడినది. డిసెంబరులో శాసనసభ దానిని చట్టం చేసినది. అందులో ముఖ్యమైన షరతులు ఇవి:

ప్రతి మైక్రో ఫైనాన్స్ సంస్థ జిల్లా అధికారి వద్ద నమోదు కావాలి. అప్పుకు తాకట్టు అడగరాదు. వడ్డీ రేట్లు అందరికీ కనబడేటట్లు ప్రకటించాలి. మొత్తం వడ్డీ అసలును మించరాదు. బ్యాంకు అప్పు ఉన్న గ్రూపు సభ్యులకు మరొక అప్పు ఇవ్వాలంటే అధికారి ముందస్తు అనుమతి కావాలి. కిస్తీలు నెలకొకసారి, అదీ గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో వసూలు చేయాలి. బలవంతపు వసూలుకు మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

అసలును మించి వడ్డీ లేదన్న మాట కొత్తది కాదు. దామ్‌దుపట్ అనే పాత ధర్మమే అది. లెక్క చూస్తే తెలుస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 10,000 తీసుకున్న మనిషి అసలు తీర్చకుండా నెలకు 200 చొప్పున వడ్డీ మాత్రమే కడుతూ పోతే 50 నెలలకు వడ్డీ 10,000 అవుతుంది. అక్కడితో వడ్డీ ఆగిపోవాలి. రూపాయి వడ్డీ అయితే ఆ గడువు 100 నెలలు.

దెబ్బ ఎక్కడ తగిలినది

చట్టంలో బ్యాంకుల మీద ఒక్క షరతూ లేదు. బ్యాంకులను, సహకార సంఘాలను బయటనే ఉంచారు. కాని కంపెనీలు గ్రామాలలో పంచిన సొమ్ములో ఎక్కువ భాగం బ్యాంకులదే. ఆర్డినెన్సుకు ముందు నూటికి 99 దాకా వచ్చే వసూళ్ళు, తరువాత నూటికి 10 దగ్గరకు పడిపోయినవి. రాష్ట్రంలో సుమారు 7,000 కోట్ల రూపాయల బాకీలు నిలిచినవి. బ్యాంకులకు కట్టవలసిన వాయిదాలు కంపెనీలు కట్టలేకపోయినవి. 2011లో పలు కంపెనీల బాకీలకు బ్యాంకులు గడువులు పెంచి తిరగరాసుకోవలసి వచ్చినది. ఈ రాష్ట్రంలోనే కాక దేశమంతటా కంపెనీలకు బ్యాంకులు చేయి బిగించినవి.

ఇందులో వర్తకుడు గమనించవలసిన వరుస ఒకటి ఉన్నది. ముందు పాత వసూలు ఆగుతుంది. తరువాత కొత్త అప్పు ఆగుతుంది. ఆ తరువాత చిల్లర దుకాణం వద్ద రొక్కం కొనుగోలు తగ్గి అరువు పెరుగుతుంది. కిస్తీ కట్టనక్కరలేదన్న ఊరట అప్పు తీసుకున్నవారికి మొదటి నెలలోనే కలుగుతుంది. కొత్త అప్పు పుట్టదన్న సంగతి తెలిసే సరికి మరి కొన్ని నెలలు పడుతుంది. అప్పుడు మళ్ళీ చేబదులు, మళ్ళీ నెలకు మూడు నాలుగు రూపాయల వడ్డీ.

దీనిని బట్టి చట్టం అనవసరమని అనడానికి లేదు. వసూళ్ళలో దౌర్జన్యం ఉన్నపుడు ప్రభుత్వం చూస్తూ ఊరుకోజాలదు. అయితే టోకుదారుని వదలి చిల్లరవాని చేయి మాత్రమే పట్టుకుంటే నష్టం టోకుదారుని దాకా పాకి, చివరకు కొనుగోలుదారుని మీదకే వస్తుందని ఈ అనుభవం చెబుతున్నది.

రిజర్వు బ్యాంకు, కోర్టుల మాట

రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చినది. అదే సంవత్సరం మే నెలలో రిజర్వు బ్యాంకు ఈ అప్పులపై వడ్డీని సంవత్సరానికి నూటికి 26కు కట్టడి చేసినది. మన బజారు లెక్కలో అది నెలకు రెండు రూపాయలకు కొంచెం పైన. 2022 ఏప్రిల్ 1 నుండి పద్ధతి మారినది. స్థిరమైన వడ్డీ పరిమితి తీసివేసి, సంవత్సరానికి మూడు లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి ఆదాయంలో సగం మించకూడదన్నారు. ఈ నిబంధన బ్యాంకులకూ వర్తిస్తుంది.

2022 మే నెలలో కేరళ, గుజరాత్ వడ్డీ వ్యాపారుల చట్టాలపై సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవన్నది. ఆ తీర్పును అనుసరించి 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, 2010 నాటి మైక్రో ఫైనాన్స్ చట్టం కూడా రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు వర్తించదని చెప్పినది. 2025లో కర్ణాటక బలవంతపు వసూళ్ళపై ఆర్డినెన్సు తెచ్చినపుడు అటువంటి సంస్థలను ముందే మినహాయించినది.

గీత ఇప్పుడు ఇట్లా నిలిచినది. రిజర్వు బ్యాంకు నమోదు ఉన్నవాడు కేంద్రం నీడలో ఉంటాడు. నమోదు లేకుండా అప్పులిచ్చేవాడు రాష్ట్రం చేతిలో ఉంటాడు. ఇచ్చిన సొమ్ము ఒకటే అయినా ఫలితం వేరు.

వర్తకులకు వర్తించేది

మిల్లు లేదా కొట్టు పేరిట ఉన్న బ్యాంకు ఖాతా: 1984లో బ్యాంకింగు చట్టంలో చేర్చిన 21ఎ సెక్షను ప్రకారం, వడ్డీ ఎక్కువ అన్న కారణం మీద బ్యాంకు లావాదేవీని కోర్టు తిరగదోడదు. కాబట్టి కాగితం మీద సంతకానికి ముందే వడ్డీ షరతులు చూసుకోవాలి. వ్యవసాయ ఋణాల సంగతిలో మినహాయింపు ఉన్నది. ఏ రాష్ట్రపు ఋణ విమోచన చట్టమైనా బ్యాంకు బాకీలను కూడా తనలో చేర్చుకున్నట్లయితే అక్కడ ఈ సెక్షను అడ్డురాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది.

రైతుకు వడ్డీ మీద ఇచ్చే బయానా: ఇది రాష్ట్ర జాబితాలోని అప్పు. నోటులో ఎంత వడ్డీ రాసుకున్నా, బాకీదారు వ్యవసాయదారుడని రుజువైతే కోర్టు దానిని తగ్గించే వీలున్నది. నోటు వాయిదా మూడేళ్ళు. ఆ లోపల చెల్లు వేయించి సంతకం తీసుకోకపోతే వసూలు హక్కు పోతుంది.

బంగారం తాకట్టు వ్యాపారం: కోస్తా ప్రాంతంలో 1943 నాటి తాకట్టు వ్యాపారుల చట్టం కింద లైసెన్సు తీసుకోవలసినదే. కిరాణాతో పాటు పక్కపనిగా చేస్తున్నామనడం సమాధానం కాదు.

సహకార బ్యాంకు: సంఘంగా 1964 నాటి రాష్ట్ర చట్టం కిందకు వస్తుంది, బ్యాంకుగా 1966 నుండి రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్నది. గ్రామాలలోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు మాత్రం బ్యాంకింగు చట్టం వర్తించదు. అక్కడ డిపాజిటు చేసేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గ్రామీణ బ్యాంకు: శ్రీకాకుళం కేంద్రంగా నడచిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలసినది. 2025 మే 1 నుండి రాష్ట్రమంతటికీ ఒకే గ్రామీణ బ్యాంకు అయినది. పేరు ఎన్నిసార్లు మారినా చట్టం కేంద్రానిదే, పాత ఖాతాల షరతులు కొత్త బ్యాంకుకు సంక్రమిస్తాయి.

మరొక ఋణ శాసనం ఎప్పుడు వచ్చినా వర్తకులు మొదట చూడవలసినది వడ్డీ రేటు కాదు. ఆ చట్టం ఎవరిని మినహాయించినదో చూడాలి. తమ సొమ్ము మినహాయింపు లోపల ఉన్నదా, బయట ఉన్నదా అన్నది తేలిన తరువాతనే కొత్త సీజనుకు బయానాలు, అరువులు ఎంతవరకు సాగించవచ్చునో నిర్ణయించుకోవడం క్షేమం.