జేబు మూత ఖరీదు రెండు నిమిషాలు

మన పెద్దవాళ్ళు బిన్నీ, మినర్వా మిల్లుల్లో బట్ట నేశారు. ఇప్పుడు మన ఆడపిల్లలు పీణ్యా, మైసూరు రోడ్డు, బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో ఆ బట్టను చొక్కాలు కుడుతున్నారు. కుట్టుకూలి మిషన్ దగ్గర తేలుతుందని చాలామంది అనుకుంటారు. లైన్ సూపర్‌వైజర్‌గా పన్నెండేళ్ళు చేశాను. నేను చూసినంతలో అది చాలావరకు డిజైన్ కాగితం మీదే తేలిపోతుంది.

ఎలాగో చూడండి. కాలర్, చెయ్యి, గుండీ, ఇలా ప్రతి పనికీ ఇన్ని నిమిషాలని లెక్క కడతారు. అన్నీ కలిపితే వచ్చేదే సామ్. చొక్కాకి 20 నిమిషాలనుకుందాం. లైన్లో 30 మంది ఉంటే గంటకి 1800 నిమిషాలు. ఎఫిషియెన్సీ 60 శాతమైతే 54 చొక్కాలు దిగుతాయి. ఇప్పుడు బయ్యర్ జేబుకి మూత కావాలన్నాడు. దాన్ని కుట్టాలి, తిప్పాలి, ఇస్త్రీ చెయ్యాలి, అతకాలి, కాజా తియ్యాలి, గుండీ వెయ్యాలి. రెండు నిమిషాలు పెరిగితే అదే లైన్ 49 దగ్గర ఆగుతుంది. టార్గెట్ మాత్రం 54 దగ్గరే ఉంచితే? ఆ అయిదు చొక్కాలూ మంచినీళ్ళకి లేవకుండా, బాత్రూమ్‌కి పోకుండా కుట్టాల్సిందే.

వాచీల సంగతీ ఇంతే. 1961లో మన బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. సన్నసన్న చక్రాలూ స్ప్రింగులూ చేత్తో కూర్చే పని అది. 1983లో స్విట్జర్లాండు వాళ్ళు 51 భాగాలతోనే స్వాచ్ వాచీ తెచ్చారు. అంతకుముందు 90కి పైగా పట్టేవి. జాఫ్రీ బూత్‌రాయిడ్ అనే ఇంజనీరు ఏ భాగాన్నైనా మూడు ప్రశ్నలు అడగమన్నాడు. ఇది విడిగా కదలాలా? వేరే పదార్థంతోనే చెయ్యాలా? విప్పి బిగించడానికి విడిగా ఉండాలా? మూడింటికీ కాదనే జవాబొస్తే పక్క భాగంలో కలిపెయ్యొచ్చు.

మన జేబు మూతకీ అది పనికొస్తుంది. గుండ్రటి మూలలైతే రెండు ముక్కలు వేసి మూడు వైపులా కుట్టాలి. చదరం మూతైతే ఒకే ముక్క మడిచి, రెండు పక్కలా కుట్టి తిప్పితే చాలు. ఈ మాట శాంపిల్ అప్పుడే టైలర్ చెప్పగలదు, అడిగితే.

భాగాలు తగ్గితే చేతులూ తగ్గుతాయన్న భయం ఉంది, నిజమే. అందుకే లెక్క మనకీ తెలియాలి. కొత్త స్టైల్ వచ్చిన రోజే అడగమని మీ అమ్మాయికి చెప్పండి: సామ్ ఎంత? కొత్తగా చేరిన పనులేవి? టార్గెట్ మార్చారా?