పాలపిట్టను సూసిన్రా?

దసరా నాడు పొద్దు వాలే వేళకు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జనమంతా ఊరి పొలిమేర బాట పడతారు. కొత్త బట్టలు, డప్పుల చప్పుడు, జమ్మిచెట్టుకు పూజ. నడుస్తున్నంతసేపూ కళ్లు మాత్రం కరెంటు తీగల మీద, తుమ్మకొమ్మల మీద ఉంటాయి. ఎదురుపడ్డవాళ్లు అడిగేది ఒకటే: “పాలపిట్టను సూసిన్రా?” అది కనబడకుండా ఇంటికి మళ్లితే పండుగ సగమే అయినట్టు.

ముడుచుకొని కూర్చుంటే దాన్ని గుర్తుపట్టడమే కష్టం. మట్టిరంగు వీపు, పెద్ద తల, బద్ధకస్తుడి వాలకం. రెక్క విప్పిందంటే చాలు, ముదురు నీలం, లేత నీలం పట్టీలు భగ్గుమంటాయి. నిజానికి ఆ ఈకల్లో నీలిరంగంటూ ఏదీ లేదు. వాటి లోపలి సన్నని అల్లికలో వెలుగు చెదిరి మన కంటికి అలా కనిపిస్తుంది. రావణుడి మీద యుద్ధానికి వెళ్తున్న రాముడికి ఎదురైందని ఒక కథ. అజ్ఞాతవాసం ముగించుకొని వస్తున్న పాండవులకు కనిపించిందని ఇంకో కథ. దాని ఈకలు తరిగి గడ్డిలో కలిపి పెడితే ఆవు ఎక్కువ పాలిస్తుందని కూడా ఒకప్పుడు నమ్మేవాళ్లు. మంచిపేరు వచ్చినా ఈకలు పోవాల్సిందే, పాపం!

చైనాలో ఇలాంటి మర్యాద స్వాలో పిట్టది. వసంతంలో దక్షిణం నుంచి తిరిగొచ్చి చూరు కింద మట్టిగూడు కట్టుకుంటే ఆ ఇంటికి మేలని నమ్మకం. గూటిని ఎవరూ కదపరు. షాంగ్ రాజవంశపు మూలపురుషుడు నల్లపిట్ట గుడ్డు మింగిన తల్లికి పుట్టాడని వాళ్ల పురాణం. ఆ నల్లపిట్ట స్వాలోనేనంటారు. ఆడపిల్లలకు దాని పేరు పెట్టుకుంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ బొమ్మల్లోనూ అదొకటి. వాళ్లు ఇంట్లో చోటిచ్చారు, మనం ఏడాదికోసారి దూరం నుంచి దండం పెడతాం. దూరపు దండం తక్కువదేం కాదు. కాకపోతే దానికి ఊరి బయట పిట్ట ఉండాలె గదా!

2014 నవంబరులో తెలంగాణ పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. జమ్మి రాష్ట్ర వృక్షం, తంగేడు రాష్ట్ర పుష్పం అయ్యాయి. ఉమ్మడి రాష్ట్రానికీ ఇదే పక్షి. కర్ణాటక, ఒడిశాలకూ ఇదే. ఇన్ని పదవులున్న పిట్ట సంఖ్య దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిందని 2023లో వచ్చిన దేశపు పక్షుల స్థితి నివేదిక లెక్కతేల్చింది.

ఈలోగా పట్నాల్లో దసరాకు పంజరం పాలపిట్టలు దిగుతాయి. పైసలిచ్చి చూసి మొక్కుతారు. వన్యప్రాణుల్ని పట్టి బంధించడం 1972 చట్టం ప్రకారం నేరమన్నది అటుంచండి. రెక్క విప్పలేని పాలపిట్టలో చూడడానికేముంది?

మిడతలు, పురుగులు, చిన్న బల్లులు దాని తిండి. జొన్న, ఆముదం వేసిన చెలకలన్నీ పత్తిచేలయి, మందుల పిచికారీ పెరిగాక అక్కడ దానికి దొరికేదెంత? గూటి కష్టం వేరే. మార్చి నుంచి జూన్ దాకా చెట్టుతొర్రల్లో గుడ్లు పెడుతుంది. తల విరిగి ఎండిన తాటి మోడంటే దానికి మరీ ఇష్టం. తాళ్లకు కరువులేని నల్లగొండలో అలాంటి మోళ్లు గట్లమీద ఇంకా కనిపిస్తాయి. రైతుకు మాత్రం అది దూలమో, వంటచెరకో. గట్టు చదును చేసే జేసీబీ ముందుగా పడగొట్టేదీ దాన్నే. జూన్ దాటేవరకు ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత దూలం కొట్టుకున్నా ఆ ఏటి గూటికి నష్టం లేదు.