పలకతో పని గడిచేనా?
ట్యాబ్ కొనాలా, కంప్యూటర్ కొనాలా అని ఇంజనీరింగ్ విద్యార్థుల ఇళ్లలో తర్జనభర్జన

కండ్లకోయ: కాలేజీలు తెరిచే రోజులు వచ్చాయంటే మేడ్చల్ రహదారి మీద పొద్దున్నే బస్సుల బారులు కనిపిస్తాయి. అవుటర్ రింగ్ రోడ్డును ఆనుకొని ఉన్న కండ్లకోయలోనే సీఎంఆర్ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. గేట్‌వే ఐటీ పార్కుకు 2022 ఫిబ్రవరి 17న శంకుస్థాపన జరిగింది ఈ ఊళ్లోనే. ఇంత కంప్యూటర్ల ముచ్చట ఉన్న చోట, కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఫీజు తరువాత వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. పిల్లకు ట్యాబ్ కొనిపెడితే సరిపోతుందా, కంప్యూటరే కావాలా?

ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక ఉన్న డబ్బు చిన్నది కాదు. ఓ మాదిరి ట్యాబ్ పది పదిహేను వేలకు వస్తుంది. పని చేయదగ్గ ల్యాప్‌టాప్ కావాలంటే అంతకు రెండింతలో మూడింతలో పెట్టాలి. కూరగాయలు అమ్మి, పాలు పోసి కూడబెట్టిన ఇంట్లో ఆ తేడా ఒక పంట పెట్టుబడితో సమానం. అంగడివారు ట్యాబ్ పక్కన ఒక చిన్న కీబోర్డు పెట్టి చూపి, ఇదీ కంప్యూటరే అంటే కాదనే ధైర్యం తండ్రికి ఉండదు. ఆరు నెలలు పోయాక పిల్ల వచ్చి ల్యాబ్ పని దీనిమీద కావడం లేదంటే, రెండోసారి అప్పు చేయవలసిందే.

హైదరాబాద్‌లో బిగించిన ఆకాశ్

ఈ ఆశ కొత్తది కాదు. చవక పలకతో చదువు సమస్య తీరిపోతుందని 2011లో దేశమంతా చెప్పుకున్నారు. ఆ ఏడాది అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో 'ఆకాశ్' ట్యాబ్‌ను విడుదల చేశారు. డేటావిండ్ అనే కంపెనీది ఆ సరుకు. దాన్ని బిగించింది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వానికి ఒక్కొక్కటి సుమారు 50 డాలర్లకు, అంటే ఆనాటి లెక్కన రెండు వేల పైచిలుకు రూపాయలకు ఇచ్చారు. ప్రపంచంలో అంత చవక ట్యాబ్ లేదని పత్రికలన్నీ రాశాయి.

చేతికి వచ్చాక సంగతి బయటపడింది. ఏడంగుళాల తెర. వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కాలి. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ఒక పేజీ తెరుచుకునే లోపు విద్యార్థికి విసుగు పుట్టేది. మరుసటి ఏడాది నవంబర్‌లో అంతకన్నా మెరుగైన ఆకాశ్-2 వచ్చింది. అయినా ఇంజనీరింగ్ విద్యార్థులు తమ చదువు పనికి దాన్ని పట్టుకు తిరిగిన దాఖలాలు లేవు.

విశేషమేమిటంటే, అదే 2011 సెప్టెంబర్‌లో పక్కనున్న తమిళనాడు వేరే దారి పట్టింది. ముఖ్యమంత్రి జయలలిత ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఖర్చు ఎక్కువ, విమర్శలూ వచ్చాయి. ఆ తరువాత 2025 మార్చి బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకు ట్యాబో ల్యాప్‌టాపో ఎవరికి కావలసింది వారే ఎంచుకోవచ్చునని ప్రకటించింది. అంటే పదమూడేళ్ల తరువాత కూడా ఒకటి రెండోదాన్ని తోసివేయలేదన్నమాట.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. పాఠాల వీడియోలు ముందే నింపి ఇచ్చారు. ఆ పథకం మంచిచెడ్డల మీద రాజకీయ పార్టీలు ఎంతైనా పోట్లాడుకోవచ్చు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కావలసింది పాఠం చూడడం, వినడం, ప్రశ్నకు జవాబు మీద వేలు పెట్టడం. ఆ పనికి పలక చాలు. చూసే పనికి చాలింది గనుక చేసే పనికి కూడా చాలుతుందని అనుకోవడంలోనే తిరకాసు ఉంది.

తీసేసింది కంప్యూటర్‌ను కాదు, రిజిస్టరును

ట్యాబ్ పనికిరాదని ఎవరైనా అంటే అది శుద్ధ తప్పు. పల్లెల్లో దాని సత్తా చూడాలంటే ఏఎన్ఎంను అడగాలి. గర్భిణుల వివరాలు, పిల్లల టీకాలు, ఇంటింటి లెక్కలు రాసే లావుపాటి రిజిస్టర్లు మోసుకుంటూ ఆమె ఊరూరా తిరిగేది. 2016లో 'అన్‌మోల్' అనే యాప్‌తో ట్యాబ్‌లు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇంటి గడపలోనే వివరం నమోదవుతుంది. మళ్లీ సాయంత్రం కూర్చొని ఎత్తిరాసే పని తప్పింది. తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు పొలం గట్టు మీద నిలబడి పంట వివరాలు నమోదు చేసేది కూడా చేతిలోని తెర మీదే. ఒక చేత్తో గొడుగు పట్టుకొని రెండో చేత్తో ల్యాప్‌టాప్ మీద టైపు చేయడం ఎవరి తరమూ కాదు.

అయితే ఈ పనులన్నింటిలో ట్యాబ్ వచ్చి ఎవరి స్థానం ఆక్రమించింది? కాగితం రిజిస్టరుది. కంప్యూటర్‌ది కాదు. ఊళ్లల్లో నింపిన వివరాలన్నీ చేరి, కూడికలు జరిగి, పట్టికలై బయటికి వచ్చేది పై ఆఫీసు కంప్యూటర్ల మీదే.

తెలంగాణలో 2024 నవంబర్ 6న మొదలైన ఇంటింటి కుటుంబ సర్వే మన కళ్లముందు జరిగినదే. టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు 75 అంశాల ఫారాన్ని కాగితం మీదే నింపారు. ఆ తరువాత డేటా ఎంట్రీ ఆపరేటర్లు వారాల తరబడి కంప్యూటర్ల ముందు కూర్చొని వాటిని ఎక్కించారు. 2027 జనగణనలో ఎన్యూమరేటర్లు మొబైల్ యాప్‌లోనే వివరాలు నింపుతారని కేంద్రం ప్రకటించింది. అలా జరిగితే ఎత్తిరాసే పని తగ్గుతుంది. లెక్క తేల్చే పని మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

పెండ్లి పత్రిక ట్యాబ్‌లో అచ్చు కాదు

కంప్యూటర్‌కు తప్ప లొంగని పని చూడాలంటే ఐటీ పార్కు దాకా పోనక్కరలేదు. మేడ్చల్ బజారులో ఏ డీటీపీ దుకాణం ముందు నిలబడినా చాలు. పెండ్లి పత్రిక, ఊరి జాతర కరపత్రం, తహసీల్దారుకు ఇచ్చే దరఖాస్తు, పుట్టినరోజు ఫ్లెక్సీ అన్నీ అక్కడే తయారవుతాయి. తెలుగు డీటీపీలో నేటికీ చాలాచోట్ల నడిచేది అను ఫాంట్లు, పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. తయారుచేసిన అడోబీ కంపెనీయే దాన్ని ఏనాడో వదిలేసింది. మన దుకాణాలు మాత్రం వదలలేదు. చేతివేళ్లకు ఆ కీబోర్డు అలవాటైపోయింది, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ పేజ్‌మేకర్ ట్యాబ్‌లో నడవదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగును ట్యాబ్‌లో తెరిస్తే కనిపించేది తెలుగు కాదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఫోన్‌లో మనం పంపుకునే తెలుగు యూనికోడ్ పద్ధతిలో ఉంటుంది. దానికీ దీనికీ పొత్తు కుదరదు. ఫోన్‌లో వధూవరుల పేర్లు టైపు చేసి పంపితే అక్కడి మనిషి వాటిని మార్చుకోనైనా మార్చుకోవాలి, లేదా మళ్లీ కొట్టుకోవాలి. ముహూర్తాల రోజుల్లో ఈ బాధ ఆ దుకాణం వారికే తెలుసు.

ఎరువుల అంగడి లెక్కలూ అంతే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటినుంచి చిన్న వ్యాపారికి కూడా ట్యాలీ లెక్కలు తప్పనిసరి అయినంత పనైంది. ట్యాలీ నడిచేది విండోస్ కంప్యూటర్ మీద. ఏ ఖాతాలో ఎంత బాకీ ఉందో ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసుకునే వీలుంది. నెల చివర పద్దులు రాసి, తప్పు దిద్ది, రిటర్ను సిద్ధం చేసే గుమాస్తా మాత్రం కంప్యూటర్ ముందునుంచి కదలలేడు.

ఇంజనీరింగ్ చదువులో ఇది ఇంకా తేటతెల్లం. మొదటి ఏడాది నేర్చుకునే చిన్న చిన్న సి ప్రోగ్రాములు ట్యాబ్‌లో కూడా నడుస్తాయి. తంటాలు పడితే జావా కూడా సాగుతుంది. సివిల్, మెకానికల్ పిల్లలకు ఆటోక్యాడ్ గీతలు, ఎలక్ట్రానిక్స్ పిల్లలకు చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ మొదలయ్యాక పలక చేతులెత్తేస్తుంది. మరో తమాషా ఉంది. ట్యాబ్‌లో మనం నొక్కే యాప్‌లు తయారయ్యేది 'ఆండ్రాయిడ్ స్టూడియో' అనే సాఫ్ట్‌వేర్‌లో. అది నడవాలంటే కంప్యూటర్ కావాలి, మామూలు ట్యాబ్‌లో నడవదు. ఆపిల్ వారు మాత్రం 2021 చివరలో ఐప్యాడ్ మీదనే చిన్న యాప్‌లు తయారుచేసే వీలు కల్పించారు. ఆ ఐప్యాడ్ ఖరీదుతో మంచి ల్యాప్‌టాప్ వస్తుంది కాబట్టి ఆ ముచ్చట మన ఊళ్లకు అక్కరకు రాదు.

ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను ట్యాబ్‌లోంచి వాడుకోవచ్చునని చదువుకున్న కుర్రాళ్లు అంటారు. నిజమే, వాడుతున్నవారూ ఉన్నారు. కాని అప్పుడు పని చేసేది ఆ దూరపు కంప్యూటరే, ట్యాబ్ కిటికీ మాత్రమే. సిగ్నల్ పోతే కిటికీ మూతపడుతుంది. ఊళ్లల్లో వాన పడ్డ రాత్రి సిగ్నల్ సంగతి వేరే చెప్పనవసరం లేదు.

పరీక్ష హాలులో మౌస్

అసలు దెబ్బ తగిలేది మరోచోట. తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు కూడా అంతే. కరోనా ఏడాది 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్‌ల ద్వారా డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు ఎన్నో ఇళ్లలోకి మొదటిసారి ఫోనో ట్యాబో వచ్చింది. ఆ పిల్లలు వేలితో తెర జరపడంలో ఆరితేరారు. పరీక్ష హాలులో మాత్రం ఎదురయ్యేది నిలువు తెర, బల్ల మీద మౌస్. బాణం గుర్తును ఎటు జరపాలో, కిందనున్న ప్రశ్న ఎలా చూడాలో తేల్చుకునే లోపు నిమిషాలు కరిగిపోతాయి. పట్నం పిల్లవాడికి లేని ఈ ఇబ్బంది పల్లె పిల్లకు ఎందుకుండాలి? హైస్కూళ్లలో ఉన్న కంప్యూటర్ గదుల తాళం తీసి వారానికి రెండు గంటలు మౌస్ పట్టనిస్తే చాలు, దీనికి కోట్లు అక్కరలేదు.

టైపు ఇన్‌స్టిట్యూట్లను చూసి నవ్వేవాళ్లు ఉన్నారు. లోయరూ హయ్యరూ పాసై, చూడకుండా పదివేళ్లతో కొట్టగలిగే మనిషికి ఈనాటికీ ఆఫీసుల్లో విలువ తగ్గలేదు. గాజు తెర మీద రెండు బొటనవేళ్లతో పది పేజీల ప్రాజెక్టు రిపోర్టు రాయబోయిన విద్యార్థికి ఆ విలువ ఒక్క రాత్రిలో తెలిసివస్తుంది.

పలకకు మొలిచిన అవయవాలు

ట్యాబ్ తయారీదార్లకు కూడా ఈ సంగతి తెలుసు. ఆపిల్ కంపెనీ 2010 జనవరిలో వేలితో నడిపే ఐప్యాడ్‌ను చూపింది. 2015లో ఐప్యాడ్ ప్రో తెచ్చి, ఇక కంప్యూటర్ ఎందుకు కొనాలని ఆ కంపెనీ పెద్ద టిమ్ కుక్ అడిగారు. అదే ఐప్యాడ్ ప్రోకు అతికే కీబోర్డును వారే అమ్మారు. 2020లో మౌస్ లాంటి ట్రాక్‌ప్యాడ్ చేర్చారు. 2025లో కంప్యూటర్‌లోలాగే కిటికీలు తెరిచి పక్కపక్కన పెట్టుకునే వీలు ఇచ్చారు. కంప్యూటర్‌ను తరిమివేస్తానని బయలుదేరిన పలక, పదిహేనేళ్లలో ఒక్కో అవయవమూ కంప్యూటర్ దగ్గరే ఎరువు తెచ్చుకుంది.

2012లో మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టిన సర్ఫేస్ లాంటివి వేరే బాపతు. చూడడానికి పలకే, లోపల విండోస్. వాటిలో చాలావరకు కంప్యూటర్ పనులన్నీ చేస్తాయి. ధర కూడా కంప్యూటర్‌దే.

కాబట్టి అంగడికి పోయే తండ్రి చూడవలసింది పెట్టె మీద బొమ్మ కాదు. పిల్ల చదవబోయే బ్రాంచి ఏది, రెండో ఏడాది మూడో ఏడాది ల్యాబుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు అని కాలేజీ సీనియర్లను అడిగి ఒక కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితం అంగట్లో చూపి, ఇవన్నీ దీనిలో నడుస్తాయా అని అడగాలి. నడుస్తాయంటే ఒకటి రెండు అక్కడే నడిపి చూపించమనాలి. కొత్త ల్యాప్‌టాప్‌కు డబ్బు చాలకపోతే, కొత్త ట్యాబ్ కంటే తెలిసినవాళ్లతో చూపించుకొని కొన్న పాత ల్యాప్‌టాప్ మేలు. ఐటీ కంపెనీలు మార్చేసిన ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్, అమీర్‌పేట దుకాణాల్లో దొరుకుతాయి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో చూసుకోవాలి. బిల్లు, గ్యారంటీ కాగితం తీసుకోవడం మరవకూడదు. ఇంట్లో పదో తరగతి లోపు చదివే తమ్ముడికైతే ట్యాబ్ చాలు.