రక్తం ఇచ్చారు సరే.. ఇనుము మిగిలిందా?

శృంగవరపుకోట దాటి ఘాట్‌ ఎక్కితే టైడా. ఆ పైన అనంతగిరి, అరకు. ఇక్కడ ఎవరికైనా కాన్పు కష్టమైతే చాలాసార్లు కొండ దిగి విశాఖ దాకా వెళ్లాల్సిందే. అప్పుడు ఫోన్‌ మోగేది అక్కడ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మన ఊరి కుర్రాళ్లకే. ‘నేనొస్తా’ అని బయల్దేరేవాళ్లు ఉండబట్టే ఎన్నో ప్రాణాలు నిలుస్తున్నాయి.

అదే కుర్రాడు కానిస్టేబుల్‌ ఈవెంట్స్‌కి గ్రౌండ్‌లో దిగాడనుకోండి. 1600 మీటర్ల పరుగులో సగానికే ఆయాసం. ప్రాక్టీస్‌ చాల్లేదనుకుంటాడు. కావచ్చు. కానీ ఏడాదిలో మూడు నాలుగుసార్లు రక్తం ఇచ్చినవాడైతే ఇనుము సంగతీ చూసుకోవాలి.

‘క్యాంపులో వేలికి గుచ్చి చూశారు కదా, పాసయ్యాను’ అంటారా? ఆ పరీక్ష చెప్పేది హిమోగ్లోబిన్‌ ఒక్కటే. అది 12.5 గ్రాములుంటే రక్తం తీసుకుంటారు. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో తెలియాలంటే ఫెరిటిన్‌ పరీక్ష చేయించాలి. ముందు ఖాళీ అయ్యేది ఈ నిల్వే, హిమోగ్లోబిన్‌ తగ్గేది ఆ తర్వాత. జేబులో ఖర్చుకి డబ్బులున్నాయి, బ్యాంకులో మాత్రం సున్నా.. అలాగన్నమాట!

లెక్క చూడండి. 450 మిల్లీలీటర్ల రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములే. అందులోనూ ఒకటి రోజువారీ నష్టానికే సరి. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల విరామం అన్నది నిబంధన. నిల్వ నిండటానికి అది అందరికీ చాలదు. 2015లో అమెరికాలో వచ్చిన ఓ అధ్యయనంలో, ఇనుము మాత్రలు వేసుకోని దాతల్లో మూడింట రెండొంతుల మందికి 168 రోజులైనా నిల్వలు కోలుకోలేదు.

అమ్మాయిలు మరింత జాగ్రత్తగా ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. క్యాంపులో తిప్పి పంపితే చిన్నబుచ్చుకోకండి, అది మీకు ఉచితంగా దొరికిన హెచ్చరిక.

అలాగని మాత్రలు సొంతంగా కొని మింగేయొద్దు. మన్యంలో రక్తహీనతకు సికిల్‌సెల్‌ కూడా కారణం కావచ్చు. దాన్ని గుర్తించేందుకు కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన మిషన్‌ కింద 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ముందు అది తేల్చుకుని, మాత్రల సంగతి డాక్టర్నే అడగండి.

తిండి మాటకొస్తే ఆకుకూరలు, ఉలవలు, వీలైతే కాలేయం. పక్కన ఉసిరికాయో నిమ్మకాయో ఉంటే ఇనుము బాగా పడుతుంది. అరకులో ఉండి ఈ మాట చెప్పడం కష్టమే గానీ, అన్నం తిన్న వెంటనే కాఫీ తాగొద్దు. టీ కూడా అంతే. ఓ గంట ఆగండి.

ఈవెంట్స్‌ తేదీ దగ్గర్లో ఉందా? పోయిన ఎర్రకణాలు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. ఈలోపు ఫోన్‌ వస్తే, మీ గ్రూపే ఉన్న స్నేహితుడి నంబరు ఇవ్వండి.