లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, పెద్ద కట్టడాల పనుల్లో ‘పాలమూరు లేబర్’ అన్న మాట దశాబ్దాలుగా వినబడుతోంది. పక్కనే కృష్ణ పారుతున్నా చెల్కలకు నీళ్ళందక ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనం పలుగూ పారా పట్టుకుని దేశం మీద పడ్డారు. కరువు నెలల్లో గుంపు మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ క్షణం నుంచి కూలీ లెక్కంతా అతని జేబులోని నోటుబుక్కుకు ఎక్కుతుంది. బస్సు ఛార్జీ, తిండి ఖర్చు, జ్వరమొస్తే మందుల ఖర్చు అన్నీ అందులోనే. నెలల తర్వాత ఏం మిగిలిందో ఆ పుస్తకం చెబితేనే తెలిసేది. కూలి రేటు పెంచాలని అందరూ అంటారు. రేటు ఎంత పెరిగినా, కోతలు రాసే పెన్ను ఒక్కడి చేతిలోనే ఉంటే పెరిగింది పెరిగినట్టే పోతుంది. పనిచోట ప్రజాస్వామ్యం లెక్క అడగగలగడంతోనే మొదలవుతుంది.

నిజాం కాలంలో పక్కనున్న నల్లగొండ పల్లెల్లో వెట్టికి అసలు లెక్కే లేదు. దొర కబురు పెడితే నోరెత్తకుండా కదలాల్సిందే. జనం ‘సంగం’ అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ ఆ మౌనాన్ని బద్దలు కొట్టింది. తర్వాత 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అప్పు చూపి మనిషిని పనికి కట్టిపడేయడాన్నీ వెట్టిగానే ఎంచి నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునేది బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందే, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం కాంట్రాక్టరు ప్రతి కూలీకీ ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. కూలి రేటు, పని కాలం, కోతలు కూలీకి తెలిసిన భాషలో అందులో ఉండాలని కూడా చెప్పింది. మేస్త్రీ నోటుబుక్కుకు అదే సరైన జవాబు. కానీ దాన్ని అడిగి తీసుకునే బలం ఊరుగాని ఊళ్ళో గుడారంలో ఉన్నవాడికి ఎక్కడిది?

చదువురాని కూలీకి లెక్కలేం తెలుస్తాయంటారు. ఉపాధి హామీ పథకం ఆ మాటను తప్పని చూపింది. 2006లో తొలి విడతలోనే అది మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు రెండింటికీ వచ్చింది. సామాజిక తనిఖీలో శిక్షణ పొందిన యువకులు హాజరు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ‘నీ పేరున ఇన్ని రోజులు రాశారు, చేశావా?’ అని అడిగారు. తేడాలను మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. తిన్న సొమ్ము రాబట్టడంలో ఆ ఏర్పాటు బలహీనమే. అయినా ఎవరు తిన్నారో ఊరికి తెలిసింది. అవసరానికి ఆదుకునేది మేస్త్రీయే, నమ్మకం మీద నడిచే వ్యవహారానికి కాగితాలెందుకన్నది మరో మాట. బ్యాంకూ అప్పిస్తుంది, పాస్‌బుక్ కూడా ఇస్తుంది.

పెట్టుబడి యజమానిది, పనివాళ్ళు తలదూరిస్తే పరిశ్రమ నడవదన్న వాదన ఇంకా గట్టిది. కానీ రెండువేలకు పైగా ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు పనివాళ్ళ ప్రతినిధులకు ఇస్తూ జర్మనీ 1976లో చట్టం చేసింది. చివరి ఓటు వాటాదారుల వైపే ఉంచినా, అక్కడి పరిశ్రమ కూలిపోలేదు. అదే ఏడాది మన 42వ రాజ్యాంగ సవరణ కూడా 43ఏ అధికరణంగా యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యాన్ని చేర్చింది. అది ఆదేశిక సూత్రంగానే మిగిలింది.

పాలమూరు కూలీ అడిగేది మండలిలో కుర్చీ కాదు. గుంపు బయలుదేరే ముందే అడ్వాన్సు, రేటు, పని కాలం గ్రామ పంచాయతీలో రాయించాలి. తిరిగొచ్చాక అదే చోట, అయినవాళ్ళ మధ్య లెక్క చదివించాలి. పరాయి ఊళ్ళో పెగలని గొంతు సొంత ఊరి రచ్చబండ దగ్గర లేస్తుంది.