రాబందు ఏమైనది?

హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. 16వ శతాబ్దమున, విజయనగర ప్రభువుల కాలములో, విరూపణ్ణ నిర్మింపజేసిన వీరభద్రాలయమును, ఒకే శిలను మలచిన బసవన్నను చూడని కుటుంబము ఈ సీమలో అరుదుగా నుండును. ఆ యూరి పేరును గూర్చిన కథయు మీకు తెలిసినదే. సీతాదేవిని గొనిపోవు రావణునెదిర్చి, రెక్కలు తెగి నేలకూలిన జటాయువును చూచి శ్రీరాముడు “లే, పక్షీ!” అనెననియు, ఆ పలుకే లేపాక్షి యైనదనియు పెద్దలు చెప్పుదురు. నేడచ్చట ఒక పెద్దబండపై జటాయువు విగ్రహము నిలిచియున్నది. ధర్మవరమునుండియు, పెనుకొండనుండియు వచ్చు యాత్రికులు తమ పిల్లలకు దానిని చూపి ఆ కథ చెప్పుచుందురు.

అయితే ఆ పిల్లలలో బ్రదికియున్న రాబందును చూచినవారెందరు? జటాయువు గృధ్రరాజు, గృధ్రమనగా రాబందే. పురాణములో ఆ పక్షికి నమస్కరించిన మనము వ్యవహారములో మాత్రము దాని పేరును మంచిమాటకు వాడలేదు. పేదల సొమ్ము దోచువానిని రాబందంటిమి. ఇంటిపై వ్రాలినచో అపశకునమంటిమి. అటువంటి పక్షి లేకపోయినచో మనకు వచ్చు నష్టమేమని ఎవరైన నడిగియున్నచో, కొంతకాలము క్రిందటివరకు మనయొద్ద సమాధానము లేదు. ఇప్పుడున్నది. ఆ సమాధానమునకు మన యింటి మందుల పెట్టెతో కూడ సంబంధము కలదు.

ముందుగా రాబందు చేయు పని యేమో చూతము. పల్లెలలో ఆవో ఎద్దో చచ్చినచో, తోలు తీసిన పిమ్మట కళేబరమును ఊరిబయటి బీడులో వదలుట పూర్వపు వాడుక. మిక్కిలి ఎత్తున తిరుగుచున్న రాబందు ఒకటి దానిని చూచి దిగును. అది దిగుట చూచి మరియొకటి. ఇట్లు గుంపు చేరును. పెద్ద గుంపైనచో గంటలోపలనే ఎముకలు తప్ప మరేమియు మిగులదు. ఆ పక్షి జీర్ణాశయములోని ఆమ్లము అతితీవ్రమైనది. ఇతర ప్రాణులకు హానిచేయు సూక్ష్మజీవులు పెక్కు అందులో నశించును. మెడపైనను తలపైనను ఈకలు లేకుండుట మన కంటికి వికారముగా తోచినను, నెత్తురులో తల దూర్చి తిను పక్షికి అదియే శుభ్రత.

భారతదేశమున 9 జాతుల రాబందులు కలవు. 1980 ప్రాంతములలో వీని సంఖ్య కోట్లలో నుండెనని శాస్త్రజ్ఞుల అంచనా. రాజస్థానములోని భరత్‌పూర్ వద్ద కేవలదేవ్ జాతీయోద్యానములో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన డాక్టర్ విభు ప్రకాశ్ ఆ దశకమున 350కి పైగా జంటలు గూళ్ళు కట్టుట లెక్కించిరి. సుమారు పదేండ్ల తరువాత తిరిగి లెక్కింపగా అందులో సగము కూడ లేవు. మిగిలిన పక్షులు తలలు వ్రేలవైచి కొమ్మలపై కూర్చుండెడివి. కొలది దినములకు ఆ చెట్టుక్రిందనే చచ్చి పడియుండెడివి. ఆ పిమ్మట 1992 నాటి లెక్కలతో పోల్చుటకు 2007 వరకు పలుమారులు, అవే రహదారుల వెంట వాహనములలో సాగుచు, రాబందులను లెక్కించిరి. తెల్లవీపు రాబందులు పూర్వము 1000 కన్పించినచోట 1 మాత్రమే మిగిలెను. పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి నూటికి మూడు మిగిలినవి. ఇంత విరివిగా నుండిన పక్షి ఇంత త్వరగా తగ్గిపోవుట పక్షిశాస్త్ర చరిత్రలో మిక్కిలి అరుదు.

కారణమేమి? ఇది అంటువ్యాధియని మొదట అనుమానించిరి. పురుగుమందులేమోయని కొందరు, విషలోహములేమోయని మరికొందరు తలచిరి. చచ్చిన పక్షులను కోసి చూడగా ఒక్క గుర్తు మాత్రము మరల మరల కనబడెను. గుండెపైనను, కాలేయముపైనను సున్నము పూసినట్లు తెల్లనిపొర యుండెను. అది యూరిక్ ఆమ్లపు స్ఫటికము. పక్షులు తమ దేహములోని మలినమును యూరిక్ ఆమ్లరూపమున విసర్జించును. మూత్రపిండములు పని మానినచో అది రక్తములో నిలిచి, లోపలి అవయవములపై పేరుకొనును. మనుష్యులలో గౌట్ అను కీళ్ళవాతమునకు మూలమైన పదార్థమిదియే. కావున రాబందుల మూత్రపిండములను పాడుచేయుచున్నదేదో దానిని కనుగొనవలసియుండెను.

అమెరికాకు చెందిన డాక్టర్ లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు పాకిస్తానములో ఈ పరిశోధన చేసిరి. వైరస్‌లు, బాక్టీరియాలు, విషములు ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏదియు కాదని తేల్చుకొనిరి. అప్పుడు వారి ఆలోచన మరియొక త్రోవ పట్టెను. రాబందు తినునది పశుమాంసము. కనుక పశువులకు ఏమేమి మందులిచ్చుచున్నారో చూతమని పశువైద్యులను, మందుల అంగడులవారిని విచారించిరి. మూత్రపిండములకు కీడుచేయగల మందు ఒకటి ఆ జాబితాలో దొరకెను. దాని పేరు డైక్లోఫెనాక్. ఈ విధముగా చచ్చిన 25 రాబందులను పరీక్షింపగా 25లోను ఆ మందు కనబడెను. ఇతర కారణములచే చచ్చిన 13 పక్షులలో ఒక్కదానిలోను లేదు. ఆ మందిచ్చిన పశువుల మాంసమును పెట్టి చూడగా రాబందులు అదే తీరున చచ్చినవి. ఈ ఫలితములు 2004లో ‘నేచర్’ పత్రికలో వెలువడినవి.

డైక్లోఫెనాక్ అనగా మరేదో కాదు. మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి మన వైద్యులు వ్రాయు మందే. 1990 తరువాత అది చవుకగా దొరకుటచే పశువులకు కూడ వాడసాగిరి. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. కుంటుచున్న ఎద్దు బాధ తగ్గవలెనని రైతు కోరెను; అందుబాటులోనున్న మందు ఇప్పించెను. ఎద్దు కోలుకొనినచో ఆ మందు కొలది దినములలో దేహమునుండి వెడలిపోవును. కోలుకొనక ఒకటి రెండు దినములలో చచ్చినచో మాంసములో నిలిచియుండును. అట్టి కళేబరములు వందకు ఒకటి లోపుగా నున్నను ఇంతటి వినాశమునకు చాలునని గణితవేత్తలు లెక్కకట్టిరి. నిజమునకు 2004-05 ప్రాంతములలో పరీక్షించిన కళేబరములలో సుమారు పదింట ఒకదానిలో ఆ మందుండెను. ఒక్క కళేబరముపై పదుల కొలది పక్షులు వ్రాలును గదా! రాబందు సంవత్సరమునకు పెట్టునది ఒక్క గ్రుడ్డే. పిల్ల ఎదిగి గూడు కట్టుటకు సుమారు అయిదేండ్లు పట్టును. పోయినంత వేగముగా ఆ జాతి తిరిగి పెరుగజాలదు.

రాబందులు పోయినను కళేబరములు రాకమానలేదు. అవి బీడులలో క్రుళ్ళినవి. కొన్నిచోట్ల నీటిలో చేరినవి. ఆ ఆహారము వీధికుక్కల పాలయ్యెను. కుక్కలు పెరుగగా కాట్లు పెరిగినవి. 1992 మొదలు 2006 వరకు ఈ కారణమున అదనముగా సుమారు 3 కోట్ల 85 లక్షల కుక్కకాట్లును, 47,000 మించి రేబిస్ మరణములును కలిగియుండునని 2008లో వెలువడిన పరిశోధనము అంచనా కట్టినది. తరువాత షికాగో విశ్వవిద్యాలయపు ఇయాల్ ఫ్రాంక్, వార్విక్ విశ్వవిద్యాలయపు అనంత్ సుదర్శన్ మరియొక విధముగా పరిశీలించిరి. పూర్వము రాబందుల నివాసమునకు అనువైన జిల్లాలను ఒక వైపునను, అనువుకాని జిల్లాలను మరియొక వైపునను ఉంచి, ఆ మందు వాడుకలోనికి రాకముందును వచ్చిన తరువాతను మరణముల లెక్కలను పోల్చిరి. మొదటి తరగతి జిల్లాలలో మరణములు నూటికి నాలుగుకు మించి పెరిగినట్లు తేలెను. 2000 మొదలు 2005 వరకు ఏటేట సుమారు లక్షమంది అదనముగా మరణించిరని వారి అంచనా. అది 2024లో ప్రకటితమైనది. ఇవి అంచనాలే యైనను, రెండు వేర్వేరు త్రోవలలో వెదకినవారు ఒకే దిక్కునకు చేరుట గమనింపదగినది.

ప్రభుత్వమువారు 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడుకను నిలుపుటకు ఉత్తరువులిచ్చిరి. మనుష్యుల కొరకైన సూదిమందును పెద్దసీసాలలో కొని పశువులకు పొడుచుట కనిపెట్టి, 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితము చేసిరి. రాబందులకు అట్టి కీడే చేయు కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ మందులను 2023లో పశువైద్యమున నిషేధించిరి. బదులుగా వాడదగిన మందు లేకపోలేదు. మెలాక్సికామ్ పశువు నొప్పిని తగ్గించును, రాబందునకు హాని చేయదని 2006లోనే పరీక్షలలో రుజువైనది. హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచి పిల్లలు చేయించుచున్నారు. ఆ కేంద్రమునకు జటాయువు పేరే పెట్టిరి. తెలంగాణములో బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై 2013లో పొడవుముక్కు రాబందుల గూళ్ళు కనబడినవి. బెంగుళూరునకు అవతల రామనగరము కొండలను 2012లో రాబందుల అభయారణ్యముగా ప్రకటించిరి.

ఇక మన సంగతి. వానలు తక్కువైన ఈ సీమలో గొఱ్ఱెల మందయు, పాడిపశువుమే కరవునాటి ఆధారము. పశువునకు నొప్పికై మందు అవసరమైనపుడు పశువైద్యునడిగి మెలాక్సికామ్ వేయించుడు. ఇంటిలో మిగిలిన మనుష్యుల మందును పశువునకు వాడకుడు. మందు వేసిన కొలది దినములలో పశువు చచ్చినచో కళేబరమును బీడులో వదలక లోతుగా పాతిపెట్టించుడు. దొమ్మరోగమని అనుమానమున్నచో తోలు కూడ తీయక పశువైద్యునకు తెలుపవలెను. కుక్క కరచినచో వెంటనే సబ్బుతో, పారు నీటితో పావుగంటసేపు గాయమును కడుగుడు. పసరులు, సున్నము, కారము పూయకుడు. అదేదినము ఆసుపత్రికి పొండు. బొడ్డుచుట్టును పొడుచు పూర్వపు సూదులు ఇప్పుడు లేవు. టీకాను భుజమునకే వేయుదురు. చెప్పిన దినములన్నిటను తప్పక వేయించుకొనవలెను. వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత రేబిస్‌నుండి బ్రదుకుట దాదాపు అసాధ్యము.

మరియొక చిన్నపని కూడ చేయుడు. ఈసారి లేపాక్షికి పోయినపుడు మీ యింటి పెద్దలను వెంటబెట్టుకొని పొండు. వారి బాల్యమున ఊరిబయట రాబందులను చూచిరా, ఏ గుట్టపై, ఏ చెట్టుపై వ్రాలెడివి, ఎప్పటినుండి కానరాలేదు అని అడుగుడు. భరత్‌పూర్‌లో ఈ పరిశోధన అంతయు మొదలైనది అట్టి లెక్కతోనే. వారి మాటలను పిల్లలచేత వ్రాయింపుడు. జటాయువు కథ విన్న పిల్లలు ఆ పక్షి వంశపు కథను కూడ తెలిసికొందురు.